తుపాకీ దగ్గర మొహమాటం

ముందే చెప్పేస్తున్నా, అమెరికాలో తుపాకులు ఉండాలా వద్దా అన్న చర్చ నేనిక్కడ పెట్టబోవడం లేదు. ఆ చర్చ మొదలైన రెండో నిమిషంలో ఒకడు రాజ్యాంగం తెరుస్తాడు, మూడో నిమిషంలో ఇంకొకడు "నువ్వు ఏ పార్టీ?" అంటాడు, అక్కడితో సరి. నా గొడవ చాలా చిన్నది. ఒక మనిషి నడుముకి పిస్తోలు పెట్టుకుని, అందరికీ కనబడేలా, మీ కొట్లోకో హోటల్లోకో వచ్చాడు. వ్యాపారం మీది. ఏం చేస్తారు?

టెక్సస్‌లో ఉంటున్న మనవాళ్ళని ఈ ప్రశ్న అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది ఒకటే మాట చెప్తారు. "ఏం చేస్తాం బాబూ, ఇక్కడ చట్టం ఒప్పుకుంటుందిగా!" అని. ఈ ముక్క చాలా ధీమాగా చెప్తారు కూడా. చిక్కేంటంటే అది సగం నిజం. మిగతా సగం తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టదు, కానీ ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టరు.

టెక్సస్ అనగానే తాతల కాలం నుంచీ అందరూ నడుముకి పిస్తోలు వేలాడదీసుకుని తిరుగుతున్నారని సినిమాలు చూసి అనుకుంటాం. నిజానికి 2015 చివరిదాకా అక్కడ పిస్తోలు బయటికి కనబడేలా పెట్టుకుని తిరగడం నేరం. లైసెన్సు ఉన్నా సరే, చొక్కా కింద దాచుకోవాల్సిందే. (రైఫిల్ భుజాన వేసుకుని తిరిగితే మాత్రం అభ్యంతరం లేదు. ఇందులో లాజిక్ నన్నడక్కండి.) 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు హోల్‌స్టర్‌లో పెట్టుకుని బాహాటంగా తిరగొచ్చన్నారు. 2021 సెప్టెంబరు 1 నుంచి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదన్నారు. అంటే ఎదురుగా నిలబడ్డ మనిషి ఒక్కరోజైనా శిక్షణ తీసుకున్నాడో లేదో తెలిసే దారి కూడా పోయింది.

ఇక మిగతా సగం. అదే టెక్సస్ పీనల్ కోడ్‌లో 30.05, 30.06, 30.07 అని సెక్షన్లున్నాయి. దాచుకుని తెచ్చే లైసెన్సుదారుణ్ణి ఆపడానికి 30.06. కనబడేలా తెచ్చే లైసెన్సుదారుణ్ణి ఆపడానికి 30.07. లైసెన్సు లేనివాళ్ళకీ, రైఫిళ్ళకీ 30.05. తలుపు దగ్గర ఈ బోర్డు పెడితే తుపాకీతో లోపలికి రావడమే నేరం, 200 డాలర్ల దాకా జరిమానా. నోటితో చెప్పినా కదలకపోతే అది ఇంకా పెద్ద నేరం, ఏడాది దాకా జైలు, 4000 డాలర్ల దాకా జరిమానా. అంటే తుపాకుల విషయంలో అంత ఉదారంగా ఉండే రాష్ట్రం కూడా "నీ కొట్టు, నీ ఇష్టం" అని కొట్టు యజమానికి రాసిచ్చింది. రెండో సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, మీ ఇడ్లీ హోటల్‌ని కాదు. చెప్పుల్లేకుండా రావద్దని బోర్డు పెట్టడానికి లేని భయం తుపాకీతో రావద్దని పెట్టడానికి ఎందుకు?

ఇంకో విషయం గమనించారా? "చట్టం ఒప్పుకుంటుందిగా" అనే మనమందరం ఎక్కడ కూర్చుని అంటున్నాం? బ్యాడ్జి గీకితే తప్ప తలుపు తెరుచుకోని ఆఫీసులో. చేరిన రోజు మనం చదవకుండా సంతకం పెట్టిన హ్యాండ్‌బుక్‌లో ఆయుధాల గురించి ఒక పేజీ ఉంటుంది, తీసి చూడండి. టెక్సస్‌లో 2011 నుంచి ఉద్యోగి తన కారులో తాళం వేసి పెట్టుకున్న తుపాకీని కంపెనీ కాదనలేదు, కానీ బిల్డింగులోకి తేవద్దని శుభ్రంగా చెప్పొచ్చు. చెప్తున్నాయి కూడా. లక్ష డాలర్లు తీసుకునే కోడర్‌కి ఆ రక్షణ కావాలి. గంటకింత అని తీసుకుంటూ గల్లాపెట్టె దగ్గర నిలబడే పిల్లవాడికి మాత్రం "స్వేచ్ఛా దేశం, సర్దుకుపో" అని ఉపదేశం.

ఇంతకీ పెద్ద కంపెనీలేం చేశాయి? 2013 ఆగస్టులో తుపాకీ ప్రియులు కొందరు "స్టార్‌బక్స్ అప్రీసియేషన్ డే" అని పెట్టుకుని, నడుముకి తుపాకులతో కాఫీకి బయల్దేరారు. అంతకు కొన్ని నెలల ముందే స్కూల్లో పసిపిల్లలు చనిపోయిన న్యూటౌన్‌లో ఆ రోజు స్టార్‌బక్స్ కొట్టు పెందరాళే మూసేశారు. సెప్టెంబరులో హోవర్డ్ షుల్ట్జ్ బహిరంగ లేఖ రాశాడు. దయచేసి మా కొట్లలోకి తుపాకులు తేకండి, ఇది విన్నపమే గానీ నిషేధం కాదు అని. నిషేధం ఎందుకు పెట్టలేదయ్యా అంటే, అప్పుడు మా సిబ్బంది ఆయుధం ఉన్నవాళ్ళకి ఎదురెళ్ళాల్సి వస్తుంది, ఆ పని వాళ్ళకి చెప్పడం నాకిష్టం లేదు అన్నాడు. 2014లో చిపోట్లే, టార్గెట్ అదే బాట పట్టాయి. 2019 ఆగస్టు 3న ఎల్‌పాసో వాల్‌మార్ట్‌లో కాల్పులు జరిగి 23 మంది పోయాక, సెప్టెంబరు 3న వాల్‌మార్ట్ కూడా ఓపెన్ క్యారీ వద్దని "కోరింది". ఆ వారంలోనే క్రోగర్, వాల్‌గ్రీన్స్, సీవీఎస్ వరసగా కోరాయి.

కోరడం అంటే ఏంటో మనకంటే బాగా ఎవరికి తెలుసు! 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే రెండు మూడు పేజీల డాక్యుమెంట్‌ని మనలో చాలామంది చదివే ఉంటారు. "మస్ట్" అంటే ఇది, "షుడ్" అంటే ఇది అని విడమర్చి చెప్పిన డాక్యుమెంట్. స్పెక్‌లో "షుడ్" అని రాసిన ప్రతిదాన్నీ ఎవడో ఒకడు చెయ్యకుండా వదిలేస్తాడు, వాడిది తప్పు కూడా కాదు. కంపెనీల విన్నపం అచ్చంగా ఆ "షుడ్". పేపర్లో మంచిపేరు వస్తుంది, తుపాకీ వాళ్ళకి మరీ కోపం రాదు, లాయర్లకి నిద్ర పడుతుంది. విన్నపాన్ని లెక్కచెయ్యకుండా ఒకడు తుపాకీతో లోపలికొస్తే? ఆ ఎర్రర్‌ని ఎవరు హ్యాండిల్ చెయ్యాలి? కౌంటర్ దగ్గర ఉన్నవాడే. షుల్ట్జ్ రోగం సరిగ్గానే పట్టుకున్నాడు, మందు మాత్రం వెయ్యలేదు. సిబ్బంది ఎదురెళ్ళకూడదు అన్నది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. అందుకే కదా చెప్పాల్సిన మాట మనిషి నోటితో కాక, తలుపు మీద చట్టానికి ఆనేలా రాసి ఉండాలనేది!

పెద్ద కంపెనీలకి కనీసం సెక్యూరిటీ డిపార్ట్‌మెంట్లున్నాయి. నాకు అసలు కడుపుమంట మన దేశీ కొట్ల మీద.

డల్లాస్ చుట్టుపక్కల ఒక తెలుగు హోటల్. పేరొద్దు. ఒక శనివారం మధ్యాహ్నం పక్క బల్ల దగ్గర ఒకాయన బెల్టుకి పిస్తోలుతో కూర్చుని బిర్యానీ తింటున్నాడు. మర్యాదస్తుడే, వడ్డించిన అమ్మాయికి థాంక్స్ చెప్పాడు, టిప్పు కూడా బాగానే పెట్టి ఉంటాడు. కానీ ఆ అరగంటా ఆ హాల్లో ఎవరూ మామూలుగా తినలేదు. మా ఎదురు బల్లవాళ్ళు హై చెయిర్‌తో సహా పిల్లాణ్ణి గోడవైపుకి జరిపారు. ఆర్డరిచ్చి ఇంకా ప్లేట్లు రాని ఒక కుటుంబం, పార్సిల్ కట్టించుకుని వెళ్ళిపోయింది. ఓనరు నాకు కాస్త తెలుసు. ఆయనెళ్ళాక అడిగాను.

"అన్నా, తలుపు మీద బోర్డు పెట్టొచ్చు కదా?"

"ఆయన మంచోడే తమ్ముడూ, నెలకి రెండుసార్లొస్తాడు. బోర్డు పెడితే ఫీలవుతాడు."

"ఆ లేచిపోయిన వాళ్ళు ఫీలవ్వలేదా?"

"వాళ్ళు మనవాళ్ళేలే, మళ్ళీ వస్తారు."

అదీ సంగతి. మన దగ్గర మొహమాటం ఎప్పుడూ బలమున్నవాడి వైపే ఒరుగుతుంది. పప్పులో ఉప్పెక్కువైందంటే మనవాడి మీద విసుక్కోగలం, తుపాకీతో వచ్చినవాడికి మాత్రం ఎక్స్‌ట్రా సాలన్! "రేపు తుపాకీతో ఇంకొకడొస్తే, మంచోడు కాకపోతే?" అన్నాను. "కౌంటర్లో కుర్రాడు చూసుకుంటాడ్లే" అన్నాడాయన.

ఆ కుర్రాడెవరు? మాస్టర్స్ చదవడానికి వచ్చి ఫీజుకీ అద్దెకీ చాలక, క్యాంపస్ బయట ఇలా పనిచేసే కుర్రాళ్ళు ఎంతమందో మనందరికీ తెలుసు. ఎఫ్-1 వీసా నిబంధనల ప్రకారం ఆ పని చెయ్యకూడదు, అది వేరే కథ. నేను చెప్పేది ఏంటంటే, ప్రమాదం ముంచుకొచ్చినా 911 కొట్టడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించే మనిషి అమెరికా మొత్తం మీద ఎవరైనా ఉన్నారంటే అది వాడే. పోలీసులొస్తే మొదట నా ఐడీ అడుగుతారేమో అని వాడి భయం. వచ్చినవాడికి "సార్, గన్ బయట పెట్టి రండి" అని చెప్పే బాధ్యత సరిగ్గా వాడి నెత్తిన పెట్టాం. మన అన్నయ్య ఆ సమయంలో రెండో బ్రాంచిలో ఉంటాడు.

"పోనీ మనమూ ఒకటి కొనుక్కుందాం" అనే వీరులకి చిన్న మాట. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఫ్రెండుది చేతిలో పట్టుకుని రేంజిలో ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టేముందు అది చదువుకోండి.

ఇక ఎప్పుడూ వినిపించే వాదన ఒకటుంది. "చంపాలనుకున్నవాడు బోర్డు చూసి ఆగుతాడా?" ఆగడు. తాళం చూసి గజదొంగా ఆగడు, అయినా మనం తలుపుకి తాళం వేస్తున్నాం. కానీ అసలు జవాబు అది కాదు. బోర్డు హంతకుణ్ణి ఆపడానికి కాదు, లోపలున్నవాళ్ళకి తుపాకీ కనబడితే దాని అర్థం ఏంటో తెలియడానికి. మనవాళ్ళకి ఇది సిగ్నల్, నాయిస్ అంటే వెంటనే ఎక్కుతుంది. తుపాకీతో ఎవడైనా రావచ్చు అన్న చోట తుపాకీ కనబడటం నాయిస్. రాకూడదు అన్న చోట అదే సిగ్నల్. క్యాషియర్ ఇతను మంచోడా చెడ్డోడా అని మొహం చూసి తేల్చుకోనక్కర్లేదు. నియమం తప్పాడు, వెనక తలుపుగుండా వెళ్ళు, ఫోన్ చెయ్యి. అంతే.

నియమం లేకపోతే ఏమవుతుందో కొలరాడో స్ప్రింగ్స్‌లో చూశాం. అది కొట్టు కాదు, వీధి. 2015 అక్టోబరు 31 ఉదయం ఒకావిడ, మా ఎదురుగా ఒకడు రైఫిల్‌తో తిరుగుతున్నాడు అని 911కి చెప్పింది. మన రాష్ట్రంలో ఓపెన్ క్యారీ చట్టబద్ధమేనండీ అని అటునుంచి వివరించారు. కొద్ది నిమిషాల్లో అతను ముగ్గుర్ని చంపేశాడు. ఫోనెత్తిన మనిషిని నేను తిట్టను. ఆ చట్టం పుణ్యమా అని, కాల్చేదాకా హంతకుడూ షికారుకొచ్చినవాడూ ఒక్కలాగే కనబడతారు.

దీనికి అటువైపు ముఖం కూడా ఉంది. ఎల్‌పాసో జరిగిన ఐదు రోజులకి, 2019 ఆగస్టు 8న, మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఒంటికి కవచం తొడుక్కుని, రైఫిల్ పట్టుకుని, నూరుకి పైగా తూటాలతో వాల్‌మార్ట్‌లోకి నడిచాడు. వాళ్ళు నా హక్కుని గౌరవిస్తారో లేదో పరీక్షించడానికట! జనం ప్రాణాలరచేత పట్టుకుని పరిగెత్తారు. మేనేజర్ సమయస్ఫూర్తితో ఫైర్ అలారం లాగాడు. అక్కడే ఉన్న ఒక మాజీ ఫైర్‌మ్యాన్ తన తుపాకీ ఎక్కుపెట్టి వాణ్ణి నిలబెట్టాడు. ఒక్క తూటా పేలలేదు, అదృష్టం. వాడికది టెస్ట్ కేస్, మిగతావాళ్ళకి ప్రొడక్షన్.

మొహం చూసి తేల్చుకోవడం అన్నాను కదా, అది అక్కడితో ఆగదు. 2014 ఆగస్టు 5న ఒహాయోలో బీవర్‌క్రీక్ వాల్‌మార్ట్. ఒహాయోలో ఓపెన్ క్యారీ చట్టబద్ధమే. 22 ఏళ్ళ నల్లజాతి యువకుడు ఆ కొట్లోనే అమ్మకానికి పెట్టిన ఎయిర్‌గన్‌ని అరలోంచి తీసి, చేతిలో పట్టుకుని, ఫోన్లో మాట్లాడుకుంటూ తిరుగుతున్నాడు. ఇంకో కస్టమర్ 911కి చెప్పాడు. పోలీసులొచ్చారు, కాల్చేశారు. ఆ గందరగోళంలో పారిపోతూ ఒకావిడ గుండె ఆగి చనిపోయింది. అక్కడ తెల్లాయన అసలు తుపాకీతో తిరిగితే హక్కు, ఈ కుర్రాడు బొమ్మలాంటిది పట్టుకుంటే చావు. నియమం రాసి లేని చోట చూసేవాడి కళ్ళే నియమం. ఆ కళ్ళకి మన రంగు ఎలా కనబడుతుందో మనకి తెలియదా?

"మంచివాడి చేతిలో తుపాకీ ఉంటే చెడ్డవాణ్ణి ఆపుతాడు" అన్న వాదనని నేను కొట్టిపారెయ్యను. 2019 డిసెంబరు 29న టెక్సస్‌లో వైట్ సెటిల్‌మెంట్ అనే ఊళ్ళో చర్చిలో ఒకడు కాల్పులు మొదలుపెట్టి ఇద్దర్ని చంపాడు. చర్చి భద్రతా బృందంలోని మనిషి ఒక్క గుండుతో వాణ్ణి పడగొట్టాడు. అంతా కలిపి ఆరు సెకన్లు. కానీ ఆయన ప్రార్థనకొచ్చి తుపాకీ ఉందని లేచినవాడు కాదు, చర్చి నియమించుకున్న మనిషి, తుపాకీ కాల్చడం నేర్పే మాస్టారు. మీకూ అలాంటి రక్షణ కావాలంటే జీతమిచ్చి యూనిఫారంలో గార్డుని పెట్టుకోండి. మన ఊళ్ళో బ్యాంకు బయట స్టూలు మీద పాత డబుల్ బ్యారెల్‌తో కూర్చునే పెద్దాయన పేలుస్తాడో లేదో గానీ, ఆయనెవరో అందరికీ తెలుసు. 2016 జులై 7న డల్లాస్‌లో ఐదుగురు పోలీసుల్ని చంపిన రాత్రి ఊరేగింపులో బాహాటంగా రైఫిళ్ళతో నడుస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ఏ సంబంధమూ లేని ఒకాయన ఫొటోని పోలీసులే అనుమానితుడని విడుదల చేశారు. అంత శిక్షణ ఉన్న పోలీసులే పోల్చుకోలేకపోయారు, దోసెలేసే మాస్టరు పోల్చుకుంటాడా?

ఒలేతే సంగతి చెప్పకుండా ఈ మాట పూర్తవదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లని తిట్టినవాణ్ణి బయటికి పంపారు. వాడు తుపాకీతో తిరిగొచ్చాడు. శ్రీనివాస్ కూచిభొట్ల చనిపోయారు, ఆయన స్నేహితుడూ, ఆపబోయిన ఒక తెల్ల కుర్రాడూ గాయపడ్డారు. అది ఓపెన్ క్యారీ కథ కాదు, ఆ బార్‌ది తప్పనీ నేననడం లేదు. కానీ పొమ్మనగానే గొడవ తీరిపోదు అన్నది అప్పట్నుంచి నా బుర్రలో ఉండిపోయింది. అందుకే ఓనర్లకి చెప్పేది, బల్ల దగ్గర వాదన పెట్టుకోవద్దు, క్యాషియర్ చేత చెప్పించొద్దు. తలుపు దగ్గరే బోర్డు చెప్పాలి. చూడక వచ్చినవాడికి ఓనరో మేనేజరో ఒక్కసారి, తగ్గు గొంతుతో, ఈ తుపాకీ కారులో పెట్టి రండి, మీ టేబుల్ ఉంచుతాం అనాలి. మాటకి మాట వస్తే రెండో మాట పోలీసులతోనే. గొడవపడి వెళ్ళినవాడి గురించి, వెళ్ళిపోయాడులే అని ఊరుకోకుండా, అప్పుడే ఫోన్ చెయ్యాలి. ఈ నాలుగు ముక్కలూ పనిలో చేరిన మొదటిరోజే కుర్రాళ్ళకి చెప్పాలి, ఫోన్ చేసినందుకు నీ ఉద్యోగం పోదు అన్న హామీతో సహా.

తుపాకీ వాళ్ళంటే మీకిష్టమా? అయితే అదీ రాయండి. కొలరాడోలో రైఫిల్ అనే ఊళ్ళోనే (నిజంగా ఊరి పేరే అది) షూటర్స్ గ్రిల్ అని ఒక హోటల్ 2022 దాకా నడిచింది. వడ్డించే అమ్మాయిలే నడుముకి పిస్తోళ్ళతో తిరిగేవారు. నేనైతే గుమ్మం తొక్కను, కానీ వాళ్ళని తప్పుపట్టను. వెళ్ళేవాడు తెలిసే వెళ్ళాడు. నాకు ఒళ్ళుమండేది ఎటూ చెప్పకుండా గోడమీద పిల్లిలా కూర్చునే మనవాళ్ళ మీదే.

బేరాలు పోతాయని భయమా? టెక్సస్ రక్తంలోనే పుట్టిన వాటాబర్గర్, చట్టం ఇంకా అమల్లోకి రాకముందే, 2015లోనే మా హోటళ్ళలో ఓపెన్ క్యారీ కుదరదని చెప్పింది. హెచ్‌ఈబీ కొట్లు కూడా వద్దన్నాయి. ఆ ఇద్దరి పార్కింగ్ లాట్లలో ఆదివారం చోటు దొరికితే నాకు చెప్పండి :-)

ఇదంతా మన అన్నయ్యకి మళ్ళీ ఒకసారి చెప్పాను. ఈసారి కాదనలేదు. తుపాకీ బొమ్మ మీద అడ్డగీత ఉన్న చిన్న స్టిక్కరు అతికిస్తానన్నాడు. లైసెన్సుదారుడి మీద అది చెల్లదు, చట్టంలో ఉన్న వాక్యాలే ఇంగ్లీషులో, స్పానిష్‌లో, అంగుళానికి తగ్గని అక్షరాలతో, కొట్టొచ్చినట్టు కనబడేలా ఉండాలి అని చెప్పాను. "అంత పెద్దదా! తలుపంతా అదే ఉంటుంది తమ్ముడూ, చోటెక్కడిది?" అన్నాడు. వెళ్ళి ఆ గాజు తలుపు చూశాను. ఒక సంగీత విభావరి పోస్టరు, ఎప్పుడో ఆడి వెళ్ళిపోయిన రెండు సినిమాల ఫ్లయర్లు, టిఫిన్ సర్వీసు, "రూమ్మేట్ కావలెను, వెజిటేరియన్ మాత్రమే", ఇంకా నిరుటి ఉగాది పికినిక్. చోటుకేం, బోలెడుంది.